తిన్నగా అన్న మాట

ఒక మాట పన్నెండేళ్ళుగా నాలో ఉంది. దాని బరువు గురించి మా ఊళ్ళో ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వారు కూడా. ఆ మాటను అందరూ తమాషాగా చెప్పుకుంటారు. పెళ్ళిపందిట్లో, బస్సు కోసం నిలబడ్డ చోట, నా ఎదురుగానే. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. నవ్విన ప్రతిసారీ అది ఇంకొంచెం బరువెక్కింది.

పోయిన నెలలో కోటేశ్వరరావు చనిపోయాడు. మా వాళ్ళ నోట్లో ఆయన కోటన్న. కాలి ఎముకలో ఏటేటా చీము పట్టేది, మానేది, మళ్ళీ పట్టేది. ఈసారి అది రక్తంలోకి పోయింది. డాక్టరు బయటికొచ్చి, పాత దెబ్బ అన్నాడు. ఆ రెండు మాటలు విన్నాక ఇక దాచడం నా వల్ల కాదని మీకు చెప్పాలని ఉంది. కానీ అది అబద్ధం. దాచడం నాకు బాగా అలవాటైంది. ఇంకో ముప్పై ఏళ్ళు దాచగలను. ఆ సంగతి తెలిసి భయపడే ఇది రాస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నన్ను ఓదార్చకండి. జరిగింది వరుసగా చెబుతాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తే మీరు గమనించండి. నేను గమనించకపోవచ్చు.

మాది సోమందేపల్లె. పెద్ద రోడ్డు పక్కన మా నాయన సైకిలు అంగడి పెట్టినాడు. బాడుగ సైకిళ్ళు, పంచర్లు, చైన్లు. ఇప్పుడు ఆ అంగడి నాది. మాకూ గోరంట్లకూ మధ్య కొండలున్నాయి. వాటి నడుమనించి పోయే దారిని పులికనుమ అంటారు. పులి మాట మా తాతకు కూడా తెలియదు. ఎక్కుడు మాత్రం నిజం. ఎడ్లబండి ఎక్కాలంటే ఇద్దరు మనుషులు వెనకనించి చక్రాలు పట్టి తోయాల్సిందే.

కరువు గట్టిపడ్డ ఏడు మా ఊళ్ళో బావులు అడుగంటాయి. కనుమకు ఆవల ఒక ఊటబావి మిగిలింది. క్యారియరుకు రెండు వైపులా డబ్బాలు కట్టుకుని ఆ నీళ్ళు నేను మోసేవాణ్ణి. ఎక్కుడులో కాలు కింద పెడితే సైకిలు వెనక్కి జారుతుంది, డబ్బా ఒరుగుతుంది, నీళ్ళు పోతాయి. అందుకని రోడ్డుకు అడ్డంగా, ఈ అంచునించి ఆ అంచుకూ ఆ అంచునించి ఈ అంచుకూ పాము మాదిరి తొక్కుతూ ఎక్కడం నేర్చుకున్నాను. మా అమ్మ ఆ కరువులోనే పోయింది. ఆమె నోట్లో చివరగా పోసిన నీళ్ళు ఆ బావివే. ఆ తర్వాత మా నాయన ఎవరితో మాట్లాడినా, ఆ కనుమ మా ఇంటిది అనేవాడు. నేను అది నిజమే అనుకున్నాను. ఒక కొండ ఎవరి ఇంటిదైనా ఎట్లా అవుతుంది అని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు అనుకోలేదు.

కొత్త రాష్ట్రం వచ్చిన సంబరంలో మా వైపు కుర్రవాళ్ళు కొందరు కలిసి సైకిలు పందెం పెట్టారు. సోమందేపల్లెలో మొదలుపెట్టి, కనుమ ఎక్కి దిగి, గోరంట్లలో చేతిమీద సిరా ముద్ర వేయించుకుని, అదే కనుమ మళ్ళీ ఎక్కి వెనక్కి రావాలి. ఎక్కుడులో కాలు నేలకు తగిలితే పందెంలోంచి పోయినట్టే. గెలిచినవాణ్ణి కర్నూలుకు పంపుతారు. అప్పుడది రాజధాని. అక్కడ అన్ని జిల్లాల వాళ్ళతో పోటీ. మా అంగడిలోంచి ఏ మనిషినీ ఎవరూ ఎక్కడికీ పిలిచింది లేదు. పందెం తేదీ వేయకముందే మా నాయన నన్ను కర్నూలుకు పంపేశాడు, మాటల్లో. టీ అంగడి మొదలుకుని బస్టాండు దాకా చెప్పి వచ్చాడు. నాకూ అది కావాలి. ఎంత కావాలో ఇప్పుడు చెబితే మీకు చిన్నగా కనిపిస్తుంది. అప్పుడు నాకు దానికన్నా పెద్దది ఏదీ కనిపించలేదు.

కోటేశ్వరరావు ఆ ఏడు వానాకాలంలో మా బడికి డ్రిల్లు మాస్టరుగా వచ్చాడు. కృష్ణ కాలువల పక్క ఊరు. ఎత్తంటే కాలువ గట్టే తెలుసని ఆయనే చెప్పేవాడు. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. మొదటి వారం మా అంగడిలో సైకిలు బాడుగకు తీసుకుని కనుమ సగం కూడా ఎక్కలేక తోసుకుంటూ దిగి వచ్చాడు. మేం నవ్వాం. ఆయనా నవ్వాడు. మర్నాడు తెల్లవారక ముందే మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. రోజూ కొంచెం పైకి. బడి గంట వేళకు వెనక్కి రావాలి కాబట్టి కనుమ తల దాకా పోయి తిరిగి వచ్చేవాడు, ఆవలివైపు ఎప్పుడూ దిగలేదు. నేను పక్కన తొక్కేవాణ్ణి. కార్తీకం వచ్చేసరికి నాకన్నా ముందు తలకు చేరేవాడు. ఈరోజు నేను గట్టిగా తొక్కలేదులే అన్నా, అనేవాణ్ణి. నా ఒళ్ళంతా చెమటలు కారుతుండగా ఆ మాట అనేవాణ్ణి. ఆయన నమ్మినట్టు తల ఊపేవాడు.

ఒకరోజు అంగడి ముందు కూర్చుని ఆయన నన్నడిగాడు.

“నువ్వేంటి తమ్ముడూ, పాములా వంకరటింకరగా ఎక్కుతావు? తిన్నగా ఎక్కితే దూరం కలిసొస్తుంది కదా?”

మా నాయన పంచరు అతికిస్తున్నవాడు తలెత్తాడు. “తిన్నగా ఎక్కితే దూరం ఎట్ల కలిసొస్తాదప్పా? తిన్నగా ఎక్కితే పొద్దు గూకుతాది.”

“పొద్దెందుకు గూకుతుందండీ, తొందరగా అయిపోతుంది గానీ!”

“ఏమి సారు నువ్వు, తిన్నగా అంటావు, తొందరగా అంటావు. మీ కాలవల్లో రెండూ ఒగటేనా?”

అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. కోటన్న ఏదో హాస్యమనుకుని తనూ నవ్వాడు. మాట అక్కడితో పోయింది.

ఆ అంగడి ముందు ఇద్దరి మాటా అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే. మా వైపు తిన్నగా అంటే మెల్లగా. కోటన్న వైపు తిన్నగా అంటే సూటిగా, ఎటూ తిరక్కుండా. దాన్ని మేం సక్కగా అంటాం. నాకు ఇదెట్లా తెలుసో చెప్పాలి, ఎందుకంటే నా తప్పంతా ఆ తెలియడంలోనే ఉంది.

హైస్కూల్లో మాకు కోస్తా నుంచి వచ్చిన పంతులు ఒకాయన ఉండేవాడు. ఒకరోజు నా చేతికి సిరాబుడ్డి ఇచ్చి, ఆఫీసు గదికి తిన్నగా వెళ్ళు అన్నాడు. సిరా ఒలుకుతుందని చెబుతున్నాడనుకుని అడుగులో అడుగు వేసుకుంటూ పోయాను. పిల్లలంతా చూస్తుండగా వెనక్కి పిలిచాడు. “తిన్నగా వెళ్ళమంటే పెళ్ళినడక నడుస్తావట్రా?” అని అరచేతి మీద కొట్టాడు. “నువ్వే గదా సార్ తిన్నగా అంటివి” అన్నాను. అందుకు ఇంకోసారి కొట్టాడు. ఆ సాయంత్రం గ్రంథాలయానికి పోయి నిఘంటువు తీసి చూశాను. రెండు అర్థాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. దెబ్బల మాట ఎవరు చెప్పుకుంటారు? పుస్తకాల మీద నా ఇష్టం ఆ రోజునుంచే మొదలైందని తర్వాత చాలామందికి చెప్పాను, ఏ మాట కోసం వెతికానో మాత్రం చెప్పలేదు.

అంగడి ముందు ఆ రోజు నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. నాయనా, ఆయప్ప అనేది అది గాదు, అని. చెప్పలేదు. ఎందుకు? అప్పటికేమీ దురుద్దేశం లేదు. ఇద్దరికీ తెలియనిది నాకు తెలుసుననే చిన్న సంతోషం. దాన్ని దగ్గరే ఉంచుకున్నాను.

పందెం రోజు వచ్చింది. మార్గశిరం, చలిపొద్దు. పాతికమందిదాకా నిలబడ్డాం. అందరివీ అంగడి సైకిళ్ళే, గేర్లూ గీర్లూ లేనివి. బరువు తగ్గుతుందని మడ్డిగార్డులు, క్యారియర్లు, గంటలు విప్పేశాం. కోటన్న గంట మాత్రం విప్పలేదు. కనుమలో గొర్రెలు అడ్డమొస్తాయి, వాటికి చెప్పొద్దా అన్నాడు. మా నాయన నా చైనుకు ఆముదం పెట్టి, “పోయి రా. మన ఇంట్లోకే పోతాండావు” అన్నాడు.

ఎక్కుడులో సగానికే మిగిలినవాళ్ళంతా కాళ్ళు నేలకానించారు. మిగిలింది మేమిద్దరం. నేను నా అలవాటు ప్రకారం అడ్డంగా తొక్కుతున్నాను. కోటన్న సీటు మీదనించి లేచి, పెడళ్ళ మీద నిలబడి, సూటిగా ఎక్కుతున్నాడు. ఆయన ఊపిరి చప్పుడు నాకు వినపడుతోంది. ఆగిపోతాడు, ఇక ఆగిపోతాడు అనుకుంటూ తొక్కాను. ఆగలేదు. తలకు నాకన్నా ముందు చేరి, దిగుడు అందుకున్నాడు.

గోరంట్ల వైపు దిగుడులో ఒక పెద్ద రాతిగుండు ఉంది. రోడ్డు ఆ గుండును చుట్టి కుడికి తిరుగుతుంది. అక్కడే పాత బండ్ల బాట ఒకటి ఎటూ తిరక్కుండా ముందుకు పోతుంది. చూపుకు అదే పెద్ద రోడ్డులా ఉంటుంది. చిన్న గట్టెక్కాక అది వంక దగ్గరికి, వాగు దాటించే మోరీ మీదికి చేరుతుంది. ఆ మోరీ అప్పటికి లేదు. మా వైపు వాన ఏడాదికి ఒకసారి పడుతుంది. పడిన ఆ ఒక్కసారీ మోరీని తీసుకుపోయింది. కింద రాళ్ళు. గట్టు అడ్డం కాబట్టి పైనుంచి వచ్చేవాడికి ఏమీ కనపడదు.

ఆ మలుపులో ఎర్రగుడ్డ పట్టుకుని దారి చూపడానికి ఓబులప్ప అనే గొర్రెల కాపరిని నిలబెట్టారు. మేం వచ్చే వేళకు ఓబులప్ప అక్కడ లేడు. మంద ఎవరి చేలోనో పడితే మళ్ళించడానికి పోయినాడు. ఎర్రగుడ్డ గుండు మీద రాయి కింద ఉంది, నేను చూశాను. కోటన్న దాన్ని చూడలేదు.

ఆయన నాలుగు బారలు ముందున్నాడు. రెండు దారులు కనపడగానే బ్రేకు కొంచెం పట్టి, ముఖం నావైపు తిప్పాడు.

“ఎటు?”

అంతే అడిగాడు. నేను జవాబిచ్చాను.

“తిన్నగా పో అన్నా!”

ఆయన బ్రేకు వదిలాడు. సూటిగా పోయాడు. నేను కుడికి తిరిగాను.

ఇప్పుడు నన్ను నేను అడిగే ప్రశ్నలు మీరూ అడగండి. నోరు జారిందా? పుట్టినప్పటినుంచీ వాడే మాట కదా, మలుపు ప్రమాదం కాబట్టి మెల్లగా పొమ్మన్నానేమో? ఏళ్ళపాటు ఈ జవాబును చేతిలో పట్టుకుని తిరిగాను. అది నిలవదు. ఎటు అని అడిగినవాడికి మెల్లగా అని ఎవరూ చెప్పరు. కుడికి అని చెబుతారు. మూడక్షరాలు. పోనీ, ఆ క్షణంలో తోచలేదనుకుందాం. ఆయన గట్టు ఎక్కేదాకా ఇంకోసారి అరవడానికి సమయం ఉంది. నేను అరవలేదు. పళ్ళు బిగపట్టి ఉన్నాను. ఆ పళ్ళ బిగువు నాకు ఇప్పటికీ గుర్తుంది. నోరు జారినవాడి పళ్ళు అట్లా ఉండవు. ఆయన చావాలని అనుకున్నానా? లేదు. ఇది మాత్రం నమ్మండి అని అడగబోతున్నాను, కానీ అడిగే అర్హత లేదు. దారి తప్పుతాడు, మోరీ చూసి ఆగుతాడు, వెనక్కి తిరిగేసరికి నేను దూరమైపోతాను. ఇదీ నేను అనుకున్నది. కానీ ఆయన ఎంత వేగంగా పోతున్నాడో నాకు కనపడుతూనే ఉంది. కనపడుతున్నదాన్ని పక్కన పెట్టాను. కొట్టిన పంతులు గుర్తొచ్చాడా? అదే యాస, అదే మాట. అట్లా గుర్తొచ్చి ఉంటే కొంచెం గౌరవంగా ఉండేది. ఏమీ గుర్తు రాలేదు. కనుమ మాది, అంతే అనిపించింది.

వెనకనించి గంట ఒకసారి మోగింది. దానంతటది. తర్వాత చప్పుడు లేదు.

నేను తొక్కాను. గోరంట్లలో చేతిమీద ముద్ర వేశారు. రెండో ఆయన ఏడి అని అడిగారు. వెనకొస్తాండాడు అన్నాను.

తిరుగు ఎక్కుడులో ఆ మలుపు దగ్గర జనం ఉన్నారు. కోటన్నను వంకలోంచి పైకి తెచ్చి ఓబులప్ప గొంగడి మీద పడుకోబెట్టారు. మోకాలి కింద కాలు ఉండాల్సిన తీరులో లేదు. స్పృహలోనే ఉన్నాడు. నన్ను చూసి, “తమ్ముడు తిన్నగా పొమ్మన్నాడు… పోయాను…” అన్నాడు.

నేను నోరు తెరవకముందే ఓబులప్ప తల కొట్టుకున్నాడు. “అయ్యో దేవుడా! తిన్నగా పొమ్మంటే అట్ల దూకుతివేమి సారూ? తిన్నగా అంటే మెల్లగా గదప్పా!”

“మెల్లగానా?” కోటన్న ముఖం నొప్పితో వంకర్లు పోతోంది. “మా ఊళ్ళో తిన్నగా అంటే… సూటిగా.”

“దాన్ని మేము సక్కగా అంటాం! ఏమబ్బీ, నువ్వు మెల్లగా పొమ్మంటివి గదా ఆయప్పను?”

అందరూ నావైపు చూశారు. ఓబులప్ప కళ్ళలో భయం ఉంది. కాపలా వదిలి పోయినవాడు తనే. ఆ మాటే తప్పు చేసిందని తేలితే ఆయన బయటపడతాడు. నేనూ బయటపడతాను. నేను తల ఊపాను. నోటితో అబద్ధమాడలేదని చాలాకాలం లోలోపల చెప్పుకున్నాను. తల నాది కానట్టు.

అంత నొప్పిలోనూ కోటన్న నవ్వాడు. “బాగుంది. నువ్వు వెళ్ళు తమ్ముడూ. నువ్వన్నా గెలువు.”

వెళ్ళాను. ఇది చెప్పకపోతే మిగిలినదంతా చెప్పీ లాభం లేదు. ఆ రోజు రెండోసారి కనుమ ఎక్కినంత బాగా నేను జీవితంలో ఎన్నడూ ఎక్కలేదు. మలుపు దగ్గర దిగినదాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు, అక్కణ్ణించి తల దాకా కాలు నేలకు తగల్లేదు. ఊరి మొదట్లో మా నాయన నన్ను సైకిలుతో సహా ఎత్తుకున్నాడు.

కర్నూలుకు పోయాను. అక్కడ కనుమ లేదు. రోడ్డంతా చదును, కోటన్న పుట్టిన నేల లాగా. ఎక్కడో వెనక వచ్చాను. నా వెనక ఎవరున్నారో కూడా చూసుకోలేదు.

ఆయన కాలు సరిగా అతకలేదు. పరుగెత్తలేని డ్రిల్లు మాస్టరును బడివాళ్ళు రెండో తరగతిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆయన కాలువలకు తిరిగి పోతాడనుకున్నాను. పోవాలని కోరుకున్నాను కూడా. పోలేదు. ఆస్పత్రిలో పడుకున్న నెలల్లో అక్కడి కాంపౌండరు కూతురు రత్నమ్మతో మాట కలిసి, ఆమెనే చేసుకుని మా ఊళ్ళోనే ఉండిపోయాడు. నేను వాళ్ళింటికి ప్రతి ఆదివారం పోయేవాణ్ణి. ఒక పెడలును విప్పి, కాలు ఆనించుకోవడానికి కిందుగా కదలకుండా బిగించి, ఒంటికాలితో తొక్కే సైకిలు ఆయనకోసం చేశాను. దానిమీద బడికి వచ్చిన రోజు పిల్లలు చప్పట్లు కొట్టారు. స్నేహమంటే ఇదీ అని ఊళ్ళో వాళ్ళు నన్ను చూపించేవారు. ఆ స్నేహం నిజమా? నిజమే అనుకుంటాను. మొదట భయంతో పోయాను. తర్వాత ఆయన లేకపోతే ఆదివారం గడిచేది కాదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండవని మీరంటే, నాలో ఉన్నాయని మాత్రమే చెప్పగలను.

ఆ కథను ఊరంతా పాకించింది ఆయనే. “మీవాడు తిన్నగా పొమ్మన్నాడయ్యా. నేను తిన్నగా పోయాను. తిన్నగా ఆసుపత్రికి!” అనేవాడు. జనం పడీపడీ నవ్వేవారు. రెండు జిల్లాల తెలుగు ఎంత దూరమో చెప్పడానికి నా కాలే గుర్తు అనేవాడు. కొత్తగా వచ్చిన కోస్తా ఉద్యోగులకు మొదట ఆ కథ చెప్పి, తర్వాతే కాఫీ ఇచ్చేవాడు. ఓబులప్ప మాత్రం ఆ కథ మొదలైతే లేచి పోయేవాడు. ఆ తర్వాత ఏ పనికీ ఎవరూ ఆయన్ను కాపలా ఉండమనలేదు.

ఒక పెళ్ళిలో ఆ కథ వింటూ నేను ఒకటి గమనించాను. మలుపు వచ్చింది అంటాడు. వెనకనించి వీడు అరిచాడు అంటాడు. ఈ రెంటి మధ్యా ఉండాల్సింది ఒకటి లేదు. ఎటు అని తను అడిగిన సంగతి. ఆ తర్వాత కావాలనే ప్రతిసారీ చెవిపెట్టి విన్నాను. ఒక్కసారి కూడా ఆ ప్రశ్న చెప్పలేదు. ఆ ప్రశ్న ఉంటే కథ నవ్వు పుట్టించదు. విన్నవాడు ఎవడో ఒకడు ఆగి, ఎటు అని అడిగితే మెల్లగా అని చెప్పడమేమిటని తప్పకుండా అడుగుతాడు.

మరిచిపోయాడా? పడ్డ దెబ్బకు ఆ క్షణం చెరిగిపోయిందా? లేక గుర్తుండే తీసేశాడా?

ఒక్కసారి ధైర్యం చేశాను. ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాం. “అన్నా, ఆ పొద్దు మలుపులో నువ్వు నన్నేమో అడిగితివి గదా” అన్నాను.

ఆయన నావైపు చూశాడు. అప్పటికి ఆయన మాట మా మాటైపోయింది. “ఏమడుగుతానప్పా ఆ గాలిలో? రత్నా, కాఫీ తేమ్మా వీనికి” అన్నాడు.

నేను కాఫీ తాగి వచ్చేశాను.

పోయిన నెల ఆస్పత్రిలో చివరిసారి చూసింది ఒక సాయంకాలం. ఒళ్ళు కాలిపోతోంది. నేను లేచి చెప్పులేసుకుంటుంటే కళ్ళు తెరిచాడు. రోడ్డు బాగుచేయడానికి కంకర కుప్పలు పోసి ఉన్నారని పొద్దున నేనే చెప్పాను.

“చీకటి పడతాండాది. కంకర ఉండాది గదా. తిన్నగా పోప్పా” అన్నాడు.

మా అర్థంలోనే అన్నాడు. ఆయన ముఖం చూశాను. నవ్వలేదు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. అందులో ఇంకేమైనా ఉందా అని మీరు వెతకవద్దు. నేను వెతికాను. ఒక రాత్రి వచ్చిన జవాబు ఇంకో రాత్రి రాలేదు.

కర్మలన్నీ అయ్యాక రత్నమ్మ వదిన దగ్గరికి పోయాను. చేట ముందు పెట్టుకుని విత్తనానికి బుడ్డలు, వేరుశనగ కాయలు, ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. అంగడి ముందు మాట, పంతులు దెబ్బలు, నిఘంటువు, రాయి కింద ఎర్రగుడ్డ. ఎటు అని ఆయన అడిగిన ప్రశ్న. నా జవాబు. చెబుతున్నంతసేపూ ఆమె వేళ్ళు ఆగలేదు. చెప్పడం అయిపోయాక ఆగాయి.

“ఆయప్పకు తెలుసునా?”

“తెలీదు వదినా. అంటే, ఆయప్పకు తెలుసునో లేదో నాకు తెలీదు.”

“బతికుండంగా ఎందుకు చెప్పకపోతివి?”

కింద పడ్డ బుడ్డ ఒకటి తీసి చేటలో వేశాను.

“ఇప్పుడు నాకు చెప్పి నువ్వు తేలికైతివి,” అంది. గొంతు పెంచలేదు. “నేనేం జేసుకోవల్ల దీన్ని?”

చేట ఎత్తుకుని లోపలికి పోయింది. తలుపు వేయలేదు. మళ్ళీ బయటికి రాలేదు. పొద్దు వాలేదాకా అరుగు మీద కూర్చుని, లేచి వచ్చాను.

ఆమె అన్నది నిజం. నేను తేలికయ్యాను. సిగ్గుపడుతూ తేలికయ్యాను. ఆమెకు నేనిచ్చిన బరువును తిరిగి తీసుకునే దారి లేదు. ఆమె నన్ను మళ్ళీ ఇంటికి రానివ్వకపోతే అది సరైనదే. నేను వేచి ఉండను, అడగను.

ఆ మర్నాడు ఓబులప్ప దగ్గరికి పోయాను. ముసలివాడైపోయాడు. మంద లేదు. నువ్వు లేకపోవడం వల్ల ఆయప్ప పడలేదు మామా, దారి తెలిసినవాణ్ణి నేనుండి కూడా పడ్డాడు అని చెప్పాను. అర్థమయ్యేదాకా రెండుసార్లు చెప్పాను. ఆయన నా ముఖం మీద ఉమ్మలేదు. “అయితే నేను…” అని మొదలుపెట్టి ఆపేశాడు.

మా అంగడి ముందు కుర్రవాళ్ళు ఇప్పటికీ ఆ తిన్నగా కథ చెప్పమంటారు. చెప్పే మనిషి పోయాడు. ఇకమీదట నేనే చెబుతాను. ఆయన తీసేసిన ప్రశ్నను దాని చోట పెట్టి చెబుతాను. నవ్వు రాదు. రాకపోనీ.

వాళ్ళకన్నా ముందుగా మీకు చెప్పాను, అంతే. కనుమ దిగుతూ కోటన్న నన్ను ఎటు అని అడిగాడు. కుడికి అనే మాట నాకు వచ్చు. మెల్లగా అనే మాటా వచ్చు. ఆ రోజు కూడా వచ్చు.